మాత్రా? రింగా? సూదా?.. తేల్చేదెవరు?

మాత్రల డబ్బా చేతిసంచిలో వేసుకుంటే గలగలమంటుంది. దక్షిణాఫ్రికాలోనో ఉగాండాలోనో ఉండే అమ్మాయికి ఆ చప్పుడే ముప్పు. 'నీకా జబ్బుందా?' అని తోడున్నవాడు నిలదీస్తాడు. హెచ్‌ఐవీ ఉన్నవారు మింగే మందూ, రాకుండా ముందుజాగ్రత్తగా మింగే మందూ ఒకే తరహావి. చూసినవాళ్లకు తేడా తెలియదు, చెబితే నమ్మరు. దాంతో డబ్బా కాస్తా అటకెక్కుతుంది.

'వాయిస్' ప్రయోగం దెబ్బతినడానికి ఇలాంటి భయాలూ ఓ కారణమే. దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వేల్లో 5,029 మంది మహిళలతో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2013లో వెల్లడయ్యాయి. మాత్ర, జెల్ ఏదీ కాపాడలేదని తేలింది. రోజూ వాడుతున్నామనే చాలామంది చెప్పారు. మిగిలిన మాత్రల లెక్కా దాదాపు సరిపోయింది. తీరా రక్తం పరీక్షిస్తే మూడోవంతు నమూనాల్లో కూడా మందు జాడ లేదు. అబద్ధమాడారని వాళ్లను తప్పుపట్టడం తేలికే. ఆ మందు వాళ్ల బతుకులకు సరిపడలేదన్నది అసలు సంగతి.

2023లో ప్రపంచవ్యాప్తంగా వారానికి 4 వేల మంది 15-24 ఏళ్ల ఆడపిల్లలకు కొత్తగా హెచ్‌ఐవీ సోకిందని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్కగట్టింది. వారిలో 3,100 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికా దేశాల వారే. కండోమ్ ఉందిగా అనొచ్చు. అది మగవాడు ఒప్పుకొంటేనే. అడిగితే అనుమానం, ఒక్కోసారి దెబ్బలు.

వాళ్లనే ఎంచుకోమంటే..

డాపివిరిన్ మందు నింపిన సిలికాన్ రింగును జననాంగంలో ఎవరికి వారే అమర్చుకోవచ్చు. నెలపాటు ఉంటుంది. పక్కవారికి చెప్పాల్సిన పని లేదు. 2016లో వెల్లడైన రెండు ప్రయోగాల్లో దీనివల్ల ముప్పు దాదాపు 30 శాతమే తగ్గింది. లెక్క ప్రకారం చూస్తే క్రమం తప్పకుండా మింగే మాత్రే మేలు. అయినా 'రీచ్' అధ్యయనంలో ఏమైందో చూడాలి. 16-21 ఏళ్ల అమ్మాయిలు 247 మందికి మాత్రను ఆర్నెల్లు, రింగును ఆర్నెల్లు ఇచ్చి, ఆపై 'ఇక మీ ఇష్టం' అన్నారు. మూడింట రెండొంతుల మంది రింగే కోరారు. మిగతావారిలో ఎక్కువమంది మాత్రకు ఓటేశారు. ఏదీ వద్దన్నవారు 2 శాతమే!

కెన్యా, ఉగాండా పల్లెల్లో స్త్రీపురుషులు 984 మందితో జరిగిన మరో అధ్యయనం ఫలితాలు 2024లో అచ్చయ్యాయి. అందులో మాత్ర నుంచి సూదికి, సూది నుంచి మాత్రకు మారే వీలు కల్పించిన వారికి 48 వారాల్లో 70 శాతం కాలం రక్షణ దక్కింది. మామూలు పద్ధతిలో సేవలు పొందిన వారికి దక్కింది 13 శాతమే.

ఆర్నెల్లకో సూది

2024లో అందరినీ ఆశ్చర్యపరిచింది లెనాకపవిర్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 16-25 ఏళ్ల మహిళలపై పరీక్షించారు. ఆరు నెలలకోసారి ఈ సూది తీసుకున్న 2,134 మందిలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. అదే ప్రయోగంలో ట్రువాడా మాత్ర ఇచ్చిన 1,068 మందిలో 16 మందికి సోకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జులైలో దీన్ని సిఫార్సు చేసింది. రెండు నెలలకోసారి వేసే కాబోటెగ్రవిర్‌ను అప్పటికే, 2022లో సిఫార్సు చేసి ఉంది.

ఇంత మంచి సూది వచ్చాక మిగతావెందుకన్న వాదన సహజం. అక్కడే పొరబడుతున్నారు. రింగు వద్దనుకుంటే ఆ రాత్రే తీసేయొచ్చు. ఒంట్లోకి ఎక్కిన సూది మందును తీయలేం. సూది వేసినచోట గడ్డ కడితే భయపడేవారుంటారు. నర్సు తమ వీధి మనిషే కావడంతో ఆసుపత్రి గడప తొక్కలేనివారూ ఉంటారు. ఆర్నెల్లకోసారి సరే, రెండోసారికి ఆమె ఏ ఊళ్లో పనిలో ఉంటుందో ఎవరికి తెలుసు?

హైదరాబాద్ వైపు చూపు

అమెరికాలో లెనాకపవిర్‌కు కంపెనీ పెట్టిన ధర ఏడాదికి 28,218 డాలర్లు. 120 దేశాలకు చౌకగా తయారు చేసేందుకు 2024 అక్టోబరులో గిలియడ్ సంస్థ ఆరు కంపెనీలకు అనుమతిచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటెరో, పుణెకు చెందిన ఎమ్‌క్యూర్ ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి 40 డాలర్లకే, అంటే సుమారు మూడున్నర వేల రూపాయలకే అందించేలా రెండు హైదరాబాద్ కంపెనీలతో 2025 సెప్టెంబరులో ఒప్పందాలు కుదిరాయి.

ఈలోపు దాతలిచ్చిందే దిక్కు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసింది. తర్వాత సడలించినా నివారణ మందులను గర్భిణులు, పాలిచ్చే తల్లులకే పరిమితం చేసింది. కొత్త సూదికీ వారికే తొలి ప్రాధాన్యమంది. మరి పెళ్లికాని 18 ఏళ్ల పిల్ల మాటేమిటి? తొలి విడత మందు 2025 నవంబరులో ఎస్వాటినీ, జాంబియాలకు చేరింది. ప్రయోగానికి ఒళ్లప్పగించిన దక్షిణాఫ్రికాకు మాత్రం అమెరికా తన వాటా నుంచి ఇవ్వనంది. గ్లోబల్ ఫండ్ ఆదుకోవాల్సి వచ్చింది.

40 డాలర్లన్నది మందు ఖరీదే. పరీక్ష చేసే నర్సు జీతం, ఊరూరా తిరిగే బండి డీజిలు, 'ఇది వద్దమ్మా, అది చూడు' అని కూర్చోబెట్టి చెప్పే కార్యకర్త కూలి అందులో లేవు. 2025లో నిధులు ఆగినప్పుడు దెబ్బ తగిలింది వీళ్లకే.