పిట్టకూర తిన్నోళ్లమని తల దించుకోవద్దు, ఉచ్చు కూడా పెట్టొద్దు



హాస్టల్‌ల మనల్ని చానామంది అడిగే మాట ఒకటుంది. "మీరు అడివి పిట్టల్ని పట్టుకొని తింటరట కదా?" అడిగే తీరులనే వెక్కిరింపు ఉంటది. మనం నవ్వి ఊకుంటం. ఆ అడిగినోళ్లే రోడ్డు పక్క దాబాకు పోయి కంజుపిట్టల ఫ్రై తిని, ఫోటో దిగి స్టేటస్ పెట్టుకుంటరు. దాబా ప్లేట్ల ఉంటే స్పెషల్, మన కుండల ఉంటే అనాగరికం! ఈ లెక్కను మనం ఒప్పుకోవద్దు.

చిల్పూర్ గుట్ట చుట్టూ ఉన్న తండాల నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి గూడేల దాక ముసలోళ్లను అడిగి చూడండి. కంజు, బుర్కపిట్ట, అడివికోడి... ఒక్కోదాని కూత, మేత, గూడు అన్నీ చెప్తరు. అడివిపిట్టకు కొవ్వు తక్కువ, కండ గట్టి. అందుకే ఈకలు పీకి, మంట మీద కాల్చి, ఉప్పు పసుపు రాసి, సన్నమంట మీద చానాసేపు ఉడికిస్తరు. చిన్న పిట్టయితే మోదుగాకుల చుట్టి నిప్పుల మీద పెడ్తరు. ఒక్క పిట్టకు పులుసు పెంచి ఇంటిల్లిపాది జొన్నరొట్టెతో తిన్న రోజులవి. గుడ్ల మీదున్న పిట్ట జోలికి పోవద్దని మనకు చెప్పింది కూడా ఆ ముసలోళ్లే.

ఇప్పుడు చేదు మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తుపాకీతో కొడితేనే వేట కాదు. ఉచ్చు పెట్టినా, వల వేసినా, పట్టబోయినా వేటే. 2022 సవరణ తర్వాత 3 ఏళ్ల దాక జైలు, లేదంటే లక్ష రూపాయల దాక జరిమానా, రెండూ పడొచ్చు. నెమలి లాంటివైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పిట్టను చేతుల పట్టుకొని రీల్ పెట్టే తమ్ముళ్లూ, ఆ వీడియోనే మీ మీద సాక్ష్యం. ఇంట్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కినోళ్లం మనం. రేపు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినా వెరిఫికేషన్ల ఆ కేసు బయటపడ్తది. పావుకిలో లేని పిట్ట కోసం అంత పోగొట్టుకోవాల్నా?

"అటవీ హక్కుల చట్టం ఉంది కదా" అని కొందరంటరు. 2006 చట్టం మనకు తేనె, తునికాకు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయ హక్కుల్లోంచి వేటను మాత్రం పేరు పెట్టి తీసేసింది. అదే 1972 చట్టం 65వ సెక్షన్ నికోబార్ దీవుల గిరిజనుల వేట హక్కును కాపాడింది. భూమి పండుగకు వేటకు పోయే ఆచారమున్న కోయలకు అట్లాంటిది లేదు. ఈ తేడా ఎందుకని అడగడం మన హక్కు. కడుపు కోసం ఉచ్చు పెట్టిన తాతను, చర్మాలు, గోర్లు అమ్ముకునే ముఠాను ఒకే గాటన కట్టొద్దని కూడా అడుగుదాం. చట్టంల ఏముందో తండాకొచ్చి మన భాషల చెప్పమందాం.

అడుగుతూనే ఉచ్చు ఆపుదాం. చట్టం భయమొక్కటే కాదు, పిట్టలే తగ్గినయి. జొన్న, సజ్జ పోయి పత్తి వచ్చింది. గట్ల మీద గడ్డిమందు కొడుతున్నరు. గింజ లేదు, దాగే పొద లేదు. కొందరైతే గుళికలమందు కలిపిన గింజలు చల్లి పడుతున్నరు. అది వేట కాదు, విషం. తిన్నోళ్ల ప్రాణానికే ముప్పు.

మరి రుచి? నాటుకోడి ఉంది. ఫారాల పెంచే జపాన్ కంజు ఉంది, 5, 6 వారాలకే కూరకొస్తది. అవ్వ చేసినట్టే కాల్చి, అదే కారంతో వండుకుందాం. మన వాళ్లే పెంచి అమ్మితే ఇంకా మంచిది.

ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్క పిట్ట పేరు మన భాషల, దాన్ని వండే తీరు అవ్వ నోట రాసుకొని రావాలె. మన గ్రూపుల పెట్టుకుందాం. చంపిన పిట్ట ఫోటో మాత్రం ఎవ్వరూ పెట్టొద్దు.