వ్యాసం బట్టీ పడితే అర్జీ రాయడం వస్తుందా?

జిల్లాలోని చాలా హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి తెలుగు నోటుపుస్తకాలు తిరగేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ‘పర్యావరణ కాలుష్యం’ మీద నలభై మంది పిల్లలు రాసినవి నలభై వ్యాసాలు కావు. అందరిదీ ఒకటే వ్యాసం. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మూడు ఉపశీర్షికలు, వాటి కింద స్కేలు పెట్టి గీసిన గీతలు, లోపల గైడులోని వాక్యాలు. ఒకడు ఒక ముక్క మరిచిపోయి ఉంటాడు, మరొకడు ఒక ఒత్తు వదిలి ఉంటాడు. తేడా అంతే. మాస్టారు అడుగున సంతకం చేసి తేదీ వేస్తారు. పరీక్షలో మార్కులూ పడతాయి. ఆ కుర్రవాడికి వ్యాసం రాయడం వచ్చేసిందని ఇంట్లో వారు అనుకుంటారు.

వచ్చిందో లేదో తెలియాలంటే అదే కుర్రవాడి చేత ఊళ్లో పాడైన బోరింగు గురించి ఎమ్మార్వో ఆఫీసుకు అర్జీ రాయించి చూడాలి. కాగితం ముందు పెట్టుకుని కలం నములుతాడు. ‘అయ్యా, మేము మిక్కిలి బీదవారము’ అని మొదలెట్టి, దండాలూ దయలూ అరపేజీ నింపి, బోరింగు సంగతి అడుగున ఒక్క ముక్కలో ముగిస్తాడు. అది ఎక్కడుందో రాయడు, ఎన్నాళ్లనుంచి పాడైందో రాయడు, ఎన్ని ఇళ్లవారు ఇబ్బంది పడుతున్నారో రాయడు. పది పరీక్షలు రాసి గట్టెక్కిన పిల్లవాడికి సొంత ఊరి సంగతి ఆరు వాక్యాల్లో చెప్పడం రాకపోతే ఆ తప్పు పిల్లవాడిది కాదు. ఆ ఆరు వాక్యాలు ఎలా పేర్చాలో ఏ తరగతిలోనూ ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

మన బడుల్లో వ్యాసానికి చట్రం లేకపోలేదు. ఉపోద్ఘాతం, విశ్లేషణ, ముగింపు అన్నది చట్రమే. కాని అది ఇంటికి వీధిగది, నడిమిల్లు, వంటిల్లు ఉండాలని చెప్పడం వంటిది. గోడ ఎలా కట్టాలో చెప్పదు. వ్యాసానికి గోడ పేరా. ఒక పేరాలో ఒకే సంగతి ఉండాలని, ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలియాలని, తక్కిన వాక్యాలు దాన్ని మోయాలని పిల్లలకు చెప్పేవారు అరుదు. ఇంగ్లీషు దేశాల బడుల్లో దీన్ని ఏళ్ల తరబడి ఒక పద్ధతిగా నేర్పుతున్నారు. ముందు చెప్పదలచిన మాట, తర్వాత దానికి రుజువు, ఆ రుజువుకు వివరణ, చివర ముడి అనే వరసకు పొడి అక్షరాలతో ఒక పేరు కూడా పెట్టుకున్నారు. ఆ పేరు మనకెందుకు? వరస మాత్రం మన రచ్చబండకు కొత్తది కాదు.

రచ్చబండ దగ్గర ఒకడు ఏదైనా మాట అన్నాడనుకోండి. పక్కవాడు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఏమిటంటావు? ఎందుకంటావు? ఏదీ, చూపించు? అయితే ఇప్పుడేం చేద్దామంటావు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పినవాడి మాట నిలుస్తుంది. చెప్పలేనివాడిని నవ్వి పంపేస్తారు. నాలుగు జవాబులనూ అదే వరసలో కాగితం మీద పెడితే పేరా అవుతుంది. చదువురాని రైతుకు నోటితో వచ్చిన విద్య, చదువుకుంటున్న అతని కొడుక్కి చేత్తో రావడం లేదు.

ఉద్దానం పిల్లలకు ‘కొబ్బరిచెట్టు’ వ్యాసం ఇచ్చారనుకుందాం. గైడు పద్ధతిలో ఇలా ఉంటుంది: కొబ్బరిచెట్టు కల్పవృక్షము వంటిది. దీనిలో ప్రతి భాగమూ మానవునకు ఉపయోగపడును. కావున మనమందరమూ కొబ్బరిచెట్లను పెంచవలెను. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాని కవిటిలో పుట్టి, కొబ్బరాకుల నీడన పెరిగిన పిల్లవాడు రాసిందీ, ఎన్నడూ కొబ్బరితోట చూడని పిల్లవాడు రాసిందీ ఒకేలా ఉంటే ఆ రాతకు విలువేమిటి?

నాలుగు ప్రశ్నల వరసలో ఆ పిల్లవాడు ఇలా రాయవచ్చు: ‘తిత్లీ తుపాను మా తోటను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టింది. వరి పోతే మరుసటి ఏడు మళ్లీ నాటుకోవచ్చు గాని, పొడుగు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వీచిన గాలికి మా ముప్ఫై చెట్లలో ఇరవై రెండు కూలిపోయాయి. వాటి చోట పెట్టిన మొక్కలు ఎదిగేదాకా మా నాన్న కూలికి వెళ్లాడు. అందువల్ల పడిన చెట్టుకు ఒకసారి డబ్బు ఇస్తే చాలదు, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా అంతరపంటకు సాయం ఉండాలి.’ ఇందులో కల్పవృక్షం లేదు. కాని చదివిన అధికారి ఆగి ఆలోచిస్తాడు. చదివిన మాస్టారికి ఆ పిల్లవాడి ఇల్లు కనిపిస్తుంది.

మొదటి వాక్యంలో మాట ఉంది. రెండో వాక్యంలో కారణం ఉంది. తేదీ, చెట్ల లెక్క, నాన్న కూలి, ఇవి రుజువు. చివరిది ముడి. పిల్లవాడికి ఇదంతా వ్యాకరణంలా చెప్పనక్కరలేదు. ఒక్కొక్క వాక్యం పక్కన ఏ ప్రశ్నకు జవాబో పెన్సిలుతో రాయమంటే చాలు. ఏ ప్రశ్నకూ జవాబు కాని వాక్యం ఉంటే దాన్ని కొట్టివేయాలి. ఈ కొట్టివేత దగ్గరే అసలు చదువు మొదలవుతుంది. ఎందుకంటే ఇంపుగా వినిపించే వాక్యం పనికిరానిదని ఒప్పుకోవడం పెద్దలకే కష్టం.

మూడో ప్రశ్న దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడతారు. ‘చూపించు’ అంటే మళ్లీ అదే మాటను మరో విధంగా చెబుతారు. నీళ్లు బాగాలేవు, ఎందుకంటే నీళ్లు మంచివి కావు అంటారు. ఇది ఉద్దానంలో చిన్న విషయం కాదు. ఆ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో అక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. కారణం నీళ్లా, వేడిలో చేసే పనా, మరొకటా అని ఏళ్లుగా పరిశోధకులు వెతుకుతున్నారు. కారణం ఇదేనని ఒక్కమాటలో తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి శుద్ధిచేసిన వంశధార నీటిని తెచ్చే పథకాన్నీ, పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇటువంటి చోట తొమ్మిదో తరగతి పిల్ల ‘మా వీధికి కుళాయి నీళ్లు రావడం లేదు’ అని రాస్తే, ఏ వీధి, వారంలో ఎన్ని రోజులు, ఆ రోజుల్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారు అన్నది రాయగలగాలి. తెలిసినది ఎంతో, ఊహించినది ఎంతో విడదీయడం కూడా అక్కడే నేర్చుకుంటుంది. ‘నీళ్ల వల్లే జబ్బు’ అని రాయడం తేలిక. ‘మా వీధిలో ఇద్దరికి డయాలసిస్ జరుగుతోంది, కారణం డాక్టర్లు తేల్చాలి, మంచినీళ్లు మాత్రం ఈలోగా ఆగకూడదు’ అని రాయడానికి తర్ఫీదు కావాలి.

ఈ పద్ధతిని ఆక్షేపించేవారు లేకపోలేదు. అచ్చులో పోస్తే పిల్లలందరి రాతా ఒకేలా తయారవుతుందని, సొంత ధోరణి చచ్చిపోతుందని కొందరు తెలుగు పండితుల భయం. ఇప్పుడు మాత్రం ఎన్ని ధోరణులు బతుకుతున్నాయని? గైడు అచ్చు పిల్లవాడికి మాటలే అందిస్తుంది. ఈ వరస మాటలు ఇవ్వదు, ప్రశ్నలే ఇస్తుంది. జవాబు వాడి ఊళ్లోనుంచి, వాడి ఇంట్లోనుంచి రావాలి. అయితే పండితుల మాటలో సత్యం కొంత ఉంది. ఆరు, ఏడు తరగతుల్లో ఈ వరస గట్టిగా పట్టించి, తొమ్మిదికి వచ్చేసరికి వదిలేయాలి. ఈత నేర్చినవాడికి సొరకాయబుర్ర కట్టి ఉంచకూడదు. రుజువుతో మొదలెట్టి చివర మాట చెప్పేవాడుంటాడు, ప్రశ్నతో మొదలెట్టేవాడుంటాడు. అలా రాసినందుకు మార్కు తగ్గిస్తే మళ్లీ గైడు కాలానికే వెళ్లినట్టు.

భాష సంగతి ఒకటుంది. పిల్లవాడు సొంత మాట రాయగానే అందులో ‘బేగి’ వస్తుంది, ‘గుంటలు’ వస్తారు. వెంటనే ఎర్రసిరా కూడా వస్తుంది. ఈ జిల్లావారికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది ఇందుకే కదా. 1910 తర్వాతి ఏళ్లలో మద్రాసు రాష్ట్రంలో రేగిన పెద్ద వివాదం కావ్యాల గురించి కాదు, స్కూలు ఫైనలు పిల్లలు పరీక్షలో రాసే వ్యాసం ఏ తెలుగులో ఉండాలన్నదాని గురించి. నిత్యం మాట్లాడే భాష వదిలి, ఎవరూ మాట్లాడని భాషలో రాయమంటే పిల్లలు ఆలోచించడం మాని బట్టీ పడతారని ఆయన వాదన. భాష మారింది గాని బట్టీ పోలేదు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే బడుల్లోనే పిల్లలు ‘ఉపయోగపడును’, ‘పెంచవలెను’ అని రాస్తున్నారు. సవర పిల్లలకు సవర భాషలోనే పాఠాలు తయారుచేసిన మనిషి ఆయన. మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర పిల్లలకు, ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒరియా మాట్లాడే పిల్లలకు మొదటి పేరా తెలుగులో కుదరడం మరీ కష్టం. వారి చేత ముందు నోటితో నాలుగు జవాబులూ చెప్పించి, ఆ తర్వాతే కలం పట్టించాలి.

ఇంగ్లీషు మీడియం వచ్చాక ఇదంతా ఎందుకని అడిగే తల్లిదండ్రులున్నారు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019 నవంబరులో ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. అయినా చాలామంది తల్లిదండ్రులు పిల్లలను ఇంగ్లీషు మీడియంలోనే ఉంచారు. అది వారి ఇష్టం. కాని తెలుగులో ఆరు వాక్యాలు వరసగా పేర్చలేని పిల్లవాడు ఇంగ్లీషులో ఎలా పేరుస్తాడు? వరస ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలోకి దానంతట అదే నడిచి వస్తుంది. అది లేనివాడికి రెండు భాషల్లోనూ గైడే దిక్కు. ఇప్పుడు గైడు కొనే పని కూడా తప్పింది. ఇంట్లో ఫోను పట్టుకుని అడిగితే అరనిమిషంలో మూడు పేజీల వ్యాసం ఇస్తుంది. తప్పుల్లేకుండా, తీరుగా ఇస్తుంది. అయితే ఆ పిల్లవాడి తోటలో ఎన్ని చెట్లు పడ్డాయో ఫోనుకు తెలియదు.

ఉపాధ్యాయుల ఇబ్బందీ చూడాలి. సిలబస్ తరుముతుంది. పరీక్షల తర్వాత పరీక్షలు, వాటి మార్కుల ఎక్కింపు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం, ఇవన్నీ పోగా మిగిలే సమయం తక్కువ. నలభై మంది మూడేసి పేజీల వ్యాసాలు రాసి తెస్తే ఏ మాస్టారూ పూర్తిగా చదవలేరు, చదవడం లేదు కూడా. వ్యాసం మాని వారానికి ఒక్క పేరా రాయించాలి. ఒక్కొక్కటి చదివి దిద్దడానికి రెండు నిమిషాలు వేసుకుంటే నలభైకి ఎనభై నిమిషాలు, అంటే సుమారు రెండు పీరియడ్లు. దిద్దేటప్పుడు ఒత్తులూ దీర్ఘాలూ ముందు వెతక్కూడదు. నాలుగు ప్రశ్నల్లో దేనికి జవాబు లేదో ఆ ప్రశ్న నంబరు అంచున వేస్తే చాలు, పిల్లవాడే వెళ్లి వెతుక్కుంటాడు. అక్షరదోషాల వంతు రెండో ప్రతిలో వస్తుంది. పరీక్ష పేపర్లు తయారుచేసేవారు కూడా కొంచెం కదలాలి. ‘గ్రంథాలయాల ఉపయోగాలు’ అని అడిగితే గైడే జవాబిస్తుంది. ‘మీ ఊళ్లో గ్రంథాలయం ఉంటే సాయంత్రం అక్కడ ఎవరెవరుంటారు, లేకపోతే దాని అవసరం ఎవరికి ఎక్కువ’ అని అడిగితే ఏ గైడూ ఇవ్వలేదు. మూల్యాంకనంలో ఉపశీర్షికలకు మార్కులు వేసే అలవాటు పోతే గాని బడిలో అలవాటు పోదు.

రాత వచ్చిన ఇంటికి కలిగే మేలు ఊరివారికి తెలియనిది కాదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి ఒకప్పుడు ‘స్పందన’ అని పేరు, 2024 నుంచి ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అంటున్నారు. పేరు ఏదైనా బల్ల మీద చేరే కాగితాలు వందల్లో ఉంటాయి. సంగతి మొదటి వాక్యంలో లేని కాగితం ఏ శాఖకు పంపాలో తెలియక తిరుగుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. కాని ఏం అడిగారో స్పష్టంగా లేకపోతే జవాబూ అలాగే వస్తుంది. ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసిపెట్టేవారికి డబ్బులిచ్చి, వారు ఏం రాశారో తెలియకుండా వేలిముద్ర వేసే తల్లుల పిల్లలు పదో తరగతి చదువుతున్నారు.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు పెద్దఎత్తున జరిగాయి. 2025 జులైలో మళ్లీ పెట్టారు. అటువంటి రోజున మార్కుల కాగితం చూసి వచ్చేస్తుంటారు. ఈసారి వెళ్లినప్పుడు తెలుగు నోటుపుస్తకం కూడా అడిగి తీసుకోవచ్చు. చదవడం రాకపోతే పిల్లవాడి చేతనే చదివించుకోవాలి. అందులో తమ ఊరి పేరు, తమ వీధి సంగతి, తాము ఎరిగిన మనిషి ఎక్కడైనా ఉన్నారా అని చూసుకోవాలి. ఏడాది మొత్తం మీద ఒక్కచోటా లేకపోతే ఆ మాట మాస్టారిని మర్యాదగా అడగవచ్చు.