డబ్బా మీద పేరున్నవారిదే పూచీ

సెల్‌ఫోన్‌తో బోరు మోటారును ఆన్, ఆఫ్ చేసే స్టార్టరులో అసలు పని రేడియో మాడ్యూలుది. కొన్నింటిలో అది సిమ్‌తో నడుస్తుంది, కొన్నింటిలో వైఫై లేదా లోరా అనే దూరశ్రేణి రేడియో పద్ధతితో. దాని తయారీదారు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, అనుమతి నంబరును రేకు మూత మీద చెక్కి అమ్ముతాడు. దాన్ని కొని తన బోర్డులో బిగించుకున్నవాడు, ఆ నంబరు ఉంది కాబట్టి తన సరుక్కీ అనుమతి వచ్చేసినట్టేనని అనుకుంటున్నాడు. ఈ భావన తప్పు, ప్రమాదకరం కూడా. మాడ్యూలును ఏ డబ్బాలో పెట్టి అమ్ముతున్నారో, ఆ డబ్బా మీద పేరున్నవారే పూర్తి పూచీ వహించాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పొలాల్లో బోర్ల దగ్గర కనిపించే స్టార్టరు డబ్బాలు ఎక్కువగా ఇనుప రేకువి. రేకు డబ్బాలోంచి సిగ్నల్ సరిగా బయటికి రాదు. అందుకని డబ్బాకు బెజ్జం వేసి, వైరు లాగి, పైన పొడుగాటి యాంటెన్నా బిగిస్తారు. ల్యాబ్‌లో మాడ్యూలును పరీక్షించింది ఈ యాంటెన్నాతో కాదు. పైగా మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు (కాంటాక్టరు) పడిన ప్రతిసారీ కరెంటులో కుదుపు వస్తుంది. మాడ్యూలుకు అందే సరఫరా శుభ్రంగా లేకపోతే, అది పంపే తరంగం తన హద్దు దాటి పక్క పౌనఃపున్యాల్లోకి చిందుతుంది. నంబరు అదే, మాడ్యూలు అదే, కానీ గాలిలోకి వెళ్లే సిగ్నల్ మాత్రం పరీక్షలో చూసింది కాదు.

లెక్క చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. వైఫైకి వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి 2005 నిబంధనలు వీలు కల్పించాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు దాటకూడదు. 1 వాట్ మాడ్యూలుకు 6 డెసిబెళ్ల యాంటెన్నా పెడితే సరిగ్గా ఆ 4 వాట్లకు చేరుతుంది. దాన్ని తీసి 9 డెసిబెళ్లది పెడితే 8 వాట్లవుతుంది. సంతలో కొన్న ఒక్క యాంటెన్నాతో చట్టం దాటినట్టే. లోరాకు వాడే 865 మెగాహెర్ట్జ్ బ్యాండు పరిస్థితి ఇంకా సున్నితం. 869 మెగాహెర్ట్జ్ నుంచి సెల్ టవర్లు ఫోన్లకు పంపే సంకేతాలు మొదలవుతాయి. శుభ్రంగా లేని ట్రాన్స్‌మిటర్ అక్కడ చుట్టుపక్కల ఫోన్లకు సిగ్నల్ అందకుండా చేయగలదు.

చట్టం కొత్తది కాదు. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే నిషేధించింది. లైసెన్సు మినహాయింపు ఉన్న బ్యాండుల్లో కూడా పరికరానికి టైప్ అనుమతి ఉండాలి. టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఈటీఏ పేరుతో ఆ అనుమతి ఇస్తుంది. నెట్‌వర్కుకు తగిలించే పరికరాలకు ముందస్తు పరీక్ష తప్పనిసరి చేస్తూ 2017లో టెలిగ్రాఫ్ నిబంధనలను సవరించారు.

అమెరికా నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. మాడ్యూలుకు సొంత కవచం, సొంత విద్యుత్ నియంత్రణ ఉండాలి. దాన్ని విడిగా పరీక్షించాలి. లోపలి మాడ్యూలు నంబరు బయటికి కనపడకపోతే డబ్బా మీద రాయాలి. యాంటెన్నా మార్చాలంటే అదే రకానిది, అంతే బలం లేదా తక్కువ బలం ఉన్నది పెట్టాలి. ఇన్ని చేసినా, పూర్తయిన పరికరాన్ని పరీక్షించే బాధ్యత దాన్ని తయారుచేసినవారిదే. ఐరోపా 2014 రేడియో పరికరాల ఆదేశం కూడా తుది వస్తువును మార్కెట్లో పెట్టినవారినే జవాబుదారీ చేస్తుంది.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులకు గట్టిగా చెప్పారు. అప్పటి ఆందోళన భూగర్భజలాల గురించి. అది సబబే. డబ్బాలోని రేడియో మీద కూడా అంతే శ్రద్ధ ఇప్పుడు పెట్టాలి. అయితే భారం రైతు మీద పడకూడదు. డబ్బా విప్పి నిబంధనలు చదవడం అతని పని కాదు.

కేంద్రం మాడ్యూలు నుంచి పూర్తి పరికరం దాకా వర్తించే నియమాలను ఒకేచోట, తెలుగులోనూ ప్రకటించాలి. ఏ మార్పుకు మళ్లీ పరీక్ష కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది సందేహం లేకుండా చెప్పాలి. చిన్న తయారీదారులకు హైదరాబాద్‌లోనే తక్కువ రుసుముతో రేడియో పరీక్షలు జరగాలి. పరీక్ష ఖర్చు సరుకు ధరను మించితే ఎవరూ నియమం పాటించరు. విద్యుత్ పంపిణీ సంస్థలు, మిర్యాలగూడ రైస్‌మిల్లులు వైర్‌లెస్ పరికరాలు కొనేటప్పుడు మాడ్యూలు సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా, వాడబోయే డబ్బాతో, వాడబోయే యాంటెన్నాతో చేసిన పరీక్షా నివేదికను టెండరులోనే అడగాలి. అది ఇవ్వలేని సరఫరాదారుకు ఆర్డరు ఇవ్వకూడదు.