దూరాన్ని బట్టి దుర్భిణి

పిల్లలను రైఫిల్ క్లబ్బులలో చేర్పించిన సహోద్యోగులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “పాయింట్ టూ టూ రైఫిల్‌కు ఎన్ని రెట్లు పెంచి చూపే స్కోపు కొనాలి?” దుకాణదారు సహజంగానే పెద్ద అంకె గల దానిని ముందుకు జరుపుతాడు. అంకెతో పాటు ధర కూడా పెరుగుతుంది. సంసారపక్షంగా బతికే మన కుటుంబాలకు అది చిన్న ఖర్చు కాదు. అందుచేత ఈ మాసం మన శీర్షికలో ఆ ఎంపిక వెనుక ఉన్న లెక్కను వివరించదలచాము.

లెక్కకు ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటి: గురి దూరం స్థిరమా, మారుతూ ఉంటుందా? 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో 451.4 పాయింట్లతో కాంస్య పతకం సాధించిన స్వప్నిల్ కుసాలే, అప్పటికి సెంట్రల్ రైల్వేలో టికెట్ తనిఖీ ఉద్యోగి. ఆ పోటీలో పది పాయింట్ల వలయపు వ్యాసం కేవలం 10.4 మిల్లీమీటర్లు. అయినను రైఫిల్‌పై దుర్భిణి ఉండదు, నిబంధనలు అనుమతించవు. వెనుక సన్నని రంధ్రం, ముందు ఒక వలయం, అంతే. దూరం ఎన్నడూ మారదు గనుక ఆ అమరికతోనే అంతటి సూక్ష్మత సాధ్యమవుతున్నది. మీ అబ్బాయి గాని అమ్మాయి గాని ఈ పోటీకే సాధన చేస్తున్నట్లయితే, స్కోపుకై ఒక్క రూపాయి కూడా వెచ్చించనవసరం లేదు.

దూరం మారే ఆటలు వేరు. మెక్సికోలో పుట్టిన సిలువెట్ పోటీ అందుకు చక్కని ఉదాహరణ. ఇందులో చిన్న రైఫిల్‌తో నిలబడి, 40 మీటర్ల వద్ద ఇనుప కోడిని, 60 వద్ద పందిని, 77 వద్ద టర్కీ కోడిని, 100 వద్ద పొట్టేలును పడగొట్టాలి. స్కోపు వాడవచ్చును. ఇక్కడ తూటా స్వభావం తెలిసి ఉండాలి. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రగిల్చే రసాయనం అడుగుభాగపు అంచులో ఉంటుంది. పిన్ను ఆ అంచును తాకగానే తూటా పేలుతుంది. సాధారణ రకం తూటా సుమారు 2.6 గ్రాముల సీసపు గుండును సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో వదులుతుంది. అది ధ్వని వేగం కన్న తక్కువ. కావున గుండు త్వరగా కిందికి ఒంగుతుంది. 50 మీటర్లకు గురి సరిచేసిన రైఫిల్, 25 మీటర్ల వద్ద ఇంచుమించు ఒక సెంటీమీటరు పైన కొడుతుంది. 100 మీటర్ల వద్ద 20 సెంటీమీటర్లకు మించి కిందికి పోతుంది.

ఈ వాలును సరిదిద్దడానికే స్కోపుపై తిప్పుడు మర ఉంటుంది. ఒక్కొక్క ‘క్లిక్కు’ సాధారణంగా పావు నిమిషపు కోణం, అనగా 100 మీటర్ల వద్ద సుమారు 7 మిల్లీమీటర్లు. మా లెక్క ప్రకారం కోడి నుండి పందికి పది క్లిక్కులు, టర్కీ కోడికి ఇరవైకి పైగా, పొట్టేలుకు నలభైకి చేరువగా పైకి తిప్పవలసి వస్తుంది. తూటాను బట్టి ఈ అంకెలు మారుతాయి గనుక, కాల్చి చూసి సొంత పట్టిక తయారు చేసుకోవాలి. నలభై క్లిక్కులు పైకి తిప్పి, మరల నలభై వెనక్కు తిప్పితే గుండు మొదటి చోటికే రావాలి. రాని స్కోపు ఎన్ని రెట్లు పెంచి చూపినా నిరుపయోగమే.

రెండవ అంశం పారలాక్స్ దోషం. మన ప్రయోగశాలలలో మంచి అమ్మీటరు ముల్లు వెనుక అద్దపు పట్టీ ఉంటుంది. ముల్లు, దాని ప్రతిబింబం ఒకటిగా కలిసినప్పుడే అంకె చదవాలి. కన్ను పక్కకు జరిగితే అంకె తప్పుతుంది. స్కోపులోనూ అంతే. అందలి గీతలు, లక్ష్యపు ప్రతిబింబం ఒకే తలంలో లేకపోతే, కన్ను కదిలినప్పుడల్లా గీతలు లక్ష్యంపై కదులుతాయి. ప్రతి స్కోపును ఏదో ఒక దూరానికి ఈ దోషం లేకుండా అమర్చుతారు. పెద్ద రైఫిళ్ళ స్కోపులలో అది సాధారణంగా 100 లేక 150 గజాలు. రిమ్‌ఫైర్ కోసం చేసిన వాటిలో 50 గజాల ప్రాంతం.

లెక్క సులువు. లక్ష్య దూరానికి, అమర్చిన దూరానికి గల తేడాను అమర్చిన దూరంతో భాగించి, ముందు కటకపు వ్యాసంలో సగంతో హెచ్చించాలి. 40 మిల్లీమీటర్ల కటకం, 100 మీటర్లకు అమర్చిన స్కోపు తీసుకుందాం. 50 మీటర్ల లక్ష్యంపై గరిష్ఠ దోషం 10 మిల్లీమీటర్లు, అనగా కుసాలే గురిచూసిన వలయమంత! 50 మీటర్లకు అమర్చినదైతే 25 వద్ద 10, 100 వద్ద 20 మిల్లీమీటర్లు. కటకం పెద్దదైన కొద్దీ దోషమూ పెరుగుతుందని పాఠకులు గమనించగలరు. కావున దూరం తరచుగా మారేవారు, ముందు కటకం వద్దనో పక్కనో ఈ దోషాన్ని సవరించే వలయం గల స్కోపునే ఎంచుకోవాలి. అది ఎంత దగ్గరి దూరం వరకు సవరించగలదో అడిగి తెలుసుకోవాలి. పరీక్ష దుకాణంలోనే చేయవచ్చును: స్కోపును కదలకుండా ఆనించి, దూరపు వస్తువును చూస్తూ తలను కొద్దిగా అటూ ఇటూ జరపాలి. వలయం సరిచేసిన పిదప గీతలు నిలకడగా ఉండాలి.

ఇక రెట్లు. ముందు కటకపు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతి పుంజపు వెడల్పు వస్తుంది. 40 మిల్లీమీటర్ల కటకంతో 4 రెట్లకు 10 మిల్లీమీటర్లు; 20 రెట్లకు 2 మాత్రమే. అంత సన్నని పుంజంలో కన్ను నిలపడం కొత్తవారికి కష్టం. పైగా చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరిగి కనబడుతుంది. 50 మీటర్ల లోపు సాధనకు 4 రెట్లు చాలును. 100 వరకు 3 నుండి 9 రెట్ల మధ్య మార్చగలది పుష్కలం. పోటీలలో 20 రెట్లు వాడేవారు లేకపోలేదు. వారి వెనుక ఏళ్ళ తరబడి సాధన ఉన్నది. ఆరంభంలోనే అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రం.

స్ప్రింగు ఎయిర్ రైఫిల్ గలవారికి ఒక హెచ్చరిక. దాని కుదుపు వెనక్కు, ముందుకు రెండు వైపులా ఉంటుంది. రిమ్‌ఫైర్ స్కోపు దానిపై చెడిపోవచ్చును. ఎయిర్ రైఫిల్‌కు తగినదని తయారీదారు చెప్పిన దానినే కొనాలి.

ద్రోణుని పరీక్షలో అర్జునునికి పక్షి కన్ను ఒక్కటే కనబడినదని మనం మెచ్చుకుంటాము. స్కోపు కూడా మనకు ఆ కన్నునే చూపుతుంది. పక్కన ఉన్నది, వెనుక ఉన్నది దాచివేస్తుంది. పాయింట్ టూ టూ గుండు కిలోమీటరున్నర దాటి పోగలదు. అందుచేత లక్ష్యం వెనుక ఏమున్నదో స్కోపు లేని కంటితో ముందుగా చూడాలి. స్కోపును రైఫిల్‌పై ఉంచి మనుషులను, ఇళ్ళను పరికించడం ఎన్నటికీ తగదు. ఈ రైఫిల్‌కు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట వినోదం కాదు, నేరం. కనుక మన గురి కాగితంపైన, ఇనుప రేకుపైన మాత్రమే.

దుకాణానికి వెళ్ళేటప్పుడు ఈ వరుస గుర్తుంచుకోవలెనని మా మనవి: మొదట దూరం, పిదప పారలాక్స్, ఆ తరువాత మర నిలకడ, చిట్టచివర రెట్లు. ఈ క్రమంలో అడిగిన వినియోగదారునికి మంచి దుకాణదారు తప్పక గౌరవంగా సమాధానం చెబుతాడు. డబ్బు మిగిలితే తూటాలు కొనివ్వండి. గురి కుదిరేది సాధనతోనే గదా!