వెబ్‌సైట్లు, యాప్‌లలో రంగుల ఎంపికపై తీర్మానం

ఏలూరులో సమావేశమైన యాప్ తయారీదారులు, చూపు లోపమున్న వినియోగదారులు, కొల్లేటి చేపల రైతులు, తాడేపల్లిగూడెం ఉల్లి వర్తకులు ఏకగ్రీవంగా ఆమోదించినది.

ఈ సభ గమనించినది: డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వికలాంగుల హక్కుల చట్టం 2016 నుంచే ఉంది. తెర మీది రంగులను తయారీదారు అభిరుచికి వదిలేసే వీలు లేదు.

ఈ సభ ఇంకా గమనించినది: ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చుకోలేనివారు, ముఖ్యంగా మగవారు, మన మధ్యే ఉన్నారు, కొందరికి తమ సంగతి తమకే తెలియదు. చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఎర్ర చుక్క, బాగుంటే ఆకుపచ్చ చుక్క చూపే యాప్ వారికి రెండు వేళలా ఒకే చుక్క చూపుతుంది. తెల్లవారుజామున ఏరేటర్లు వేయాలా వద్దా అన్నది ఆ చుక్కను బట్టే.

ఈ సభ విచారిస్తున్నది: లేత బూడిద అక్షరాలే నాజూకు అన్న అలవాటు పాతుకుపోయింది. ఏసీ గదిలో చక్కగా ఉన్న తెర మిట్టమధ్యాహ్నం చెరువు గట్టు మీద అద్దమైపోతుంది. తెలుగుకు ఈ నష్టం మరీ ఎక్కువ. ద, ధలను వేరుచేసేది అడుగున ఒక చిన్న గీత. ముందు చెరిగేది అదే.

తీర్మానించడమైనది: వెబ్ అందుబాటుకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రకారం వెనుక రంగుతో అక్షరాలకు కాంట్రాస్టు 4.5:1కి, పెద్ద అక్షరాలకు, బటన్లకు 3:1కి తగ్గరాదు. తెలుపు మీద 777777 కోడున్న బూడిద రంగు 4.48 దగ్గర తప్పుతుంది, 767676 నెగ్గుతుంది. ఆ వెంట్రుకవాసికి సడలింపు అడగరాదు. లోగోకు ఈ నియమం వర్తించదు. లోగో రంగునే చెల్లింపు బటన్‌కు పులిమితే వర్తిస్తుంది.

తీర్మానించడమైనది: ఉల్లి ధర పెరిగిందో తగ్గిందో బాణం గుర్తుతో, మాటతో చెప్పాలి. రంగు తోడుగా ఉండవచ్చు.

తీర్మానించడమైనది: వాతావరణ శాఖ హెచ్చరికల రంగులను మార్చరాదు, రంగు పేరుతో సరిపెట్టనూరాదు. మన వాడుకలో ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. ‘సిద్ధంగా ఉండండి’ వంటి మాటను పక్కనే నల్లని అక్షరాల్లో రాయాలి. తెలుపు మీద పసుపు అక్షరం కాంట్రాస్టు 1.07:1 మాత్రమే. బుడమేరు పొంగి కొల్లేటి లంకలకు నీరు చేరే వేళ అది ఖాళీ తెరతో సమానం.

తీర్మానించడమైనది: విడుదలకు ముందు ప్రతి యాప్‌నూ నలుపు తెలుపుల్లో ఒకసారి, ఎండలో గట్టు మీద ఒకసారి, రంగుల తేడా తెలియని వ్యక్తి చేత ఒకసారి పరీక్షింపజేయాలి. ఆ వ్యక్తికి పరీక్ష రుసుము చెల్లించాలి.