లీగ్ పెరిగింది సరే, రేటింగ్ ఎంత?

మొన్న సెలవుల్లో ఎమ్మిగనూరులో అక్క వాళ్లింటికి వెళ్తే, చెప్పులు విప్పకముందే మా మేనల్లుడు ఫోన్ చేతిలో పెట్టాడు. "మామా, సూడు! క్రిస్టల్ లీగ్‌కి ఎక్కినా." వాడు చదివేది ఎనిమిదో తరగతి. కొడుకు ఇంత ఎక్కాడు కదా అని మా బావ ఒక రేటింగ్ టోర్నమెంట్‌కి ఎంట్రీ ఫీజు, బస్సు చార్జీలు కూడా తీసి పక్కన పెట్టేశాడు. నేను లీగ్ సంగతి వదిలేసి ప్రొఫైల్ తెరిచా. ర్యాపిడ్ రేటింగ్ 740. మూడు నెలల కింద ఎంతుందో గ్రాఫ్ వెనక్కి జరిపి చూశా: 755. ఈ మధ్యలో వాడు ఆడిన ఆటలు తొమ్మిది వందల పైచిలుకు.

అంటే వాడు ఎక్కలేదు. ఉన్నచోటే పరిగెత్తాడు.

ఇది ఎలా జరుగుతుందో మన దగ్గర చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. చెస్.కామ్‌లో లీగ్‌లు వుడ్, స్టోన్, బ్రాంజ్, సిల్వర్, క్రిస్టల్, ఎలీట్, ఛాంపియన్, లెజెండ్ అని వరసగా ఉంటాయి. యాభై మందిని ఒక గుంపులో వేస్తారు. గెలిస్తే ట్రోఫీలు వస్తాయి, ఎక్కువ ట్రోఫీలు ఉన్నవాళ్లకు వారం చివర ప్రమోషన్. వినడానికి బాగానే ఉంది. కానీ ఆట మొదలుపెట్టగానే సిస్టమ్ మీ రేటింగ్‌కి దగ్గరగా ఉన్నవాడినే ఎదురుగా తెచ్చి కూర్చోబెడుతుంది. కాబట్టి 700 వాడూ, 1700 వాడూ ఇద్దరూ ఇంచుమించు సగం ఆటలు గెలుస్తారు. ఇక ట్రోఫీల్లో తేడా ఎక్కడొస్తుంది? ఎవడు ఎక్కువ ఆటలు ఆడాడన్న దగ్గర. నా లెక్కలో లీగ్ అనేది హాజరు పట్టీ. హాజరు బాగుంటే మార్కులు బాగున్నట్టు కాదు.

రేటింగ్ లెక్క వేరు. భౌతిక శాస్త్రం ప్రొఫెసర్ అర్పాద్ ఇలో తయారుచేసిన పద్ధతిని ఫిడే 1970లో తీసుకుంది. మీరు 1200, ఎదుటివాడు 1400 అనుకోండి. నాలుగు ఆటల్లో మీకు సుమారు ఒక పాయింటే వస్తుందని ఆ లెక్క ముందే ఊహిస్తుంది. గుణకం 20 అయితే గెలిస్తే 15 పెరుగుతాయి, ఓడితే 5 పోతాయి. అదే పైస్థాయిలో ఎంత కష్టమో చూడండి: 2024 డిసెంబర్ జాబితాలో మన వరంగల్ అర్జున్ ఇరిగైసి 2801కి చేరాడు. 2400 దాటినవాళ్లకు గుణకం 10. తనకంటే 200 తక్కువున్న ఆటగాడితో డ్రా చేసుకున్నా రెండున్నర పాయింట్లు పోతాయి. అక్కడ ఎన్ని ఆటలు ఆడావని ఎవరూ అడగరు.

చెస్.కామ్ గ్లికో, లీచెస్ గ్లికో-2 వాడతాయి. ఇవి ఇంకో అడుగు ముందుకేసి, రేటింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా లెక్కేస్తాయి. లీచెస్‌లో కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది, పక్కన ప్రశ్న గుర్తు ఉంటుంది. అది పోయేదాకా ఆ నంబర్‌ని ఎవరికీ చూపించకండి. అన్నట్టు, అక్కడి అరీనా టోర్నమెంట్లలోనూ ఇదే చిక్కు: వరసగా రెండు గెలిస్తే ఆపై గెలుపుకి పాయింట్లు రెట్టింపు, కాబట్టి గబగబా ఆడేవాడు ముందుంటాడు. 1500 లోపు వాళ్లకని పెట్టిన అరీనాల్లో దూరడానికి కావాలని ఓడి రేటింగ్ దించుకునే మహానుభావులు కూడా ఉన్నారు. మా ఆదోనిలో అరుగు మీద బారాకట్ట ఆడే పెద్దాయనలకు ఈ గోల లేదు. ఎవరు గట్టివాడో వీధి మొత్తానికీ తెలుసు.

ఇది గ్యాడ్జెట్ల సైట్ కాబట్టి ఫోన్ మాట కూడా చెప్పాలి. చెస్‌కి ఇరవై వేల ఫోన్ అక్కర్లేదు, ఎనిమిది వేలది చాలు. కావాల్సింది నెట్‌వర్క్. ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సులో మూడు నిమిషాల బ్లిట్జ్ ఆడి, మధ్యలో సిగ్నల్ పోయి, గెలిచే ఆటలు ఎన్ని పోగొట్టుకున్నానో నాకే తెలుసు. సిగ్నల్ పోయినా గడియారం ఆగదు. సర్వర్‌కి మీరు ఓడినట్టే లెక్క, రేటింగ్ కోతా తప్పదు. అందుకే పిల్లలకు 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిపే ఆటలు పెట్టమంటాను. రోజుకు రెండు చాలు, ఓడినదాన్ని మళ్లీ తిరగేసి చూడాలి.

ఇంకోటి. యాప్‌లో 1400 వచ్చినా అది ఫిడే 1400 కాదు. ఫిడే రేటింగ్ రావాలంటే బల్ల ముందు కూర్చుని రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. 2024 మార్చి నుంచి అక్కడ కనిష్ఠమే 1400. మంగళవారాల్లో జరిగే టైటిల్డ్ ట్యూస్‌డే కూడా బిరుదున్న ఆటగాళ్లకే. లీగ్ బ్యాడ్జీ చూపిస్తే లోపలికి రానివ్వరు.

టోర్నమెంట్ మాన్పించమని నేను బావకు చెప్పలేదు. పోనీ, ఆడనీ అన్నా. కాకపోతే ఆ నెల రోజులు లీగ్ జోలికి పోవద్దని వాడితో ఒప్పందం చేసుకున్నా. వాడి మొహం మాడిపోయింది. "అయితే సిల్వర్‌కి పడిపోతానేమో మామా?" అన్నాడు. పడిపోతే పడిపోనీ అని, ముందురోజు వాడు ఓడిన ఆట తెరిచి పన్నెండో ఎత్తు దగ్గర ఆపాను. గుర్రం ఊరికే పోయింది. వాడు కాసేపు తేరిపార చూసి, "అరే, ఇది నాకు కనపడనేలేదు" అన్నాడు.