నేలలో దాచిన వాన

పిల్లలూ! యర్రగొండపాలెం చుట్టుపట్ల మెట్టపొలాలకు వానే ఆధారం. నల్లమల పక్కనే ఉన్నా, పిలిచినప్పుడల్లా వాన రాదు గదా! అందుకని వచ్చిన వానను రైతు దాచుకోవాలి. ఎక్కడంటారా? నేలలోనే!

ఎకరం పొలంలో 10 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీరు. నేల గట్టిగా ఉంటే అందులో చాలాభాగం వాగుపాలే. కనుక తొలకరికి ముందే వాలుకు అడ్డంగా దున్నుతారు. ప్రతి చాలూ చిన్న గట్టులా నీటిని ఆపుతుంది.

ఇంకిన నీటికి ఇద్దరు దొంగలున్నారు: ఎండ, కలుపు. ఒక పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి సుద్దముక్క నిలబెట్టండి. తడి పైకి పాకుతుంది. గట్టినేలలో తేమ కూడా ఇలాగే పైకి పాకి ఆవిరైపోతుంది. నల్లరేగడి అయితే నెర్రెలు విచ్చి, లోతు తేమను కూడా పోగొట్టుకుంటుంది. అందుకే రైతు గుంటక తోలుతాడు. అది కలుపును కోసి, నెర్రెలు పూడ్చి, పైమట్టిని పొడిచేస్తుంది. ఆ పొడిమట్టే నేలకు దుప్పటి!

అయితే గుంటకకు పదును కుదరాలి. తడి ఎక్కువైతే మట్టి గడ్డకడుతుంది, ఎండితే గుంటక దిగదు. అందుకే పిడికెడు మట్టి నలిపి చూసుకుంటారు. ఆ నాలుగురోజులూ ఎడ్లు గాని, ట్రాక్టరు గాని దొరక్కపోతే, తరవాత వేసిన విత్తనం తేమ చాలక మాడిపోవచ్చు.

గోధుమకు చలి కావాలి. అందుకే ప్రకాశం ప్రాంతపు నల్లరేగళ్ళలో ఇలా దాచిన తేమ మీద శనగ పండిస్తారు. జబల్పూరు వైపు రైతులది మరో పాతపద్ధతి. గట్లు వేసి వానాకాలమంతా పొలంలో నీరు నిలిపి, ఆ తరవాత వదిలేసి, గోధుమ విత్తేవారు. దానిని ‘హవేలీ’ అంటారు.